ఎనిమిది ఆదివారాల ఎంట్రోపీ క్లాసు: డబ్బులు వసూలే, బయాలజీ దగ్గర తప్ప

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపు పైన, మేడ మీద గదిలో రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ఎనిమిది ఆదివారాలు ఎంట్రోపీ ఒక్కటే చెప్పారు. ఫీజు 1200. నేను మిర్యాలగూడలో రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. బీఎస్సీ అయిపోయి ఇరవై ఏళ్లు దాటింది, ఎంట్రోపీ అంటే గందరగోళం అని రెండు మార్కులకు రాసి గట్టెక్కిన బ్యాచ్ మాది. మరి ఎందుకు వెళ్లావు అని ఇంట్లో ఇప్పటికీ అడుగుతున్నారు.

సార్ ఆవిరి ఇంజిన్లతో మొదలుపెట్టలేదు, అదే నాకు నచ్చింది. క్లాజియస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1865లో ఆ పేరు పెట్టాడని ఒక్క ముక్క చెప్పి వదిలేసి, నేరుగా 1948లో సమాచారాన్ని కొలిచే సూత్రం ఇచ్చిన షానన్ దగ్గరికి తీసుకెళ్లారు. క్లాసులో మేం పదహారు మందిమి. "మీలో ఒకణ్ని మనసులో అనుకున్నా, అవును కాదు అనే జవాబులతోనే పట్టుకోండి" అన్నారు. సగానికి సగం విడగొడుతూ పోతే నాలుగు ప్రశ్నల్లో దొరికేశాడు, ఒక్కో అవును-కాదు జవాబు ఒక బిట్, అంటే 4 బిట్లు. అదే సార్ ఎప్పుడూ ముందు బెంచీ వాళ్లనే అనుకుంటారని మనకు తెలిస్తే సగటున అంతకన్నా తక్కువ ప్రశ్నలు చాలు. గందరగోళం అనే మాట ఎక్కడా రాలేదు, మనకు ఇంకా ఎంత తెలియదన్నదే లెక్క.

ఇక జిరాక్స్ కాగితాల సంగతి. షానన్ సూత్రంలో ముందుండే మైనస్ గుర్తు వీళ్ల మెషీన్ మింగేసింది. నాకేమో ఇంటికెళ్తూ బస్సులో మా మిల్లు బియ్యం మీద ఆ లెక్క వేయాలని బుద్ధి పుట్టింది. వందలో 90 గింజలు నిండుగా, 10 నూకలు అనుకుంటే గింజకు మైనస్ 0.469 బిట్లు వచ్చింది. తెలియనిది సున్నా కంటే తక్కువ ఎట్లా ఉంటుందని వారమంతా బుర్ర పాడుచేసుకున్నా. తర్వాతి ఆదివారం చూపిస్తే సార్ నా పెన్ను తీసుకుని చిన్న గీత గీసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నాలుగో క్లాసు మాత్రం మస్తు. కింద చెరుకు రసం బండి నుంచి ఐసు తెప్పించి, 100 గ్రాములు తూచి స్టీలు గ్లాసులో వేశారు. అది ఏప్రిల్, గదిలో ఫ్యాను ఒక్కటే, మాట్లాడుతుండగానే కరిగిపోయింది. కరగడానికి పట్టిన వేడి 33,400 జౌళ్లు, దాన్ని ఐసు కరిగే ఉష్ణోగ్రత 273 కెల్విన్‌తో భాగిస్తే 122 జౌళ్లు పర్ కెల్విన్. అంత ఎంట్రోపీ పెరిగిందన్నమాట. వియన్నాలో, ఎంట్రోపీని అణువుల లెక్కతో చెప్పిన బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద ఎస్ = కె లాగ్ డబ్ల్యూ అని చెక్కి ఉంటుంది, ఎస్ అంటే ఎంట్రోపీ, కె ఒక స్థిరసంఖ్య, ఆ డబ్ల్యూ అంటే లోపలి అణువులు ఎన్ని రకాలుగా అమరగలవో ఆ లెక్క. షానన్‌దీ ఇదీ ఒకటే సూత్రమైతే నా బియ్యానికి కూడా వర్తించాలి కదా అని అడిగాను. వేసి చూడు అన్నారు. 25 కిలోల బస్తా, గింజ 20 మిల్లీగ్రాములు అనుకుంటే పన్నెండున్నర లక్షల గింజలు, 5.9 లక్షల బిట్లు. బోల్ట్‌జ్‌మన్ కె పెట్టి మార్చితే ఎంతో తెలుసా, పాయింట్ తర్వాత 17 సున్నాలు, ఆపైన ఒక 6, అన్ని జౌళ్లు పర్ కెల్విన్. గ్లాసుడు ఐసు ముందు బస్తా బియ్యం లెక్కలోకే రాదు. సూత్రం ఒకటే, లెక్కపెట్టేది వేరు: అక్కడ అణువులు, ఇక్కడ గింజలు. నూకలు వేరు చేయడానికి మా మిల్లులో కాలే కరెంటుకు, దీనికి సంబంధమే లేదు, అదంతా మోటార్లు, రాపిడి. మా ఓనరుకు చెప్తే బిల్లు తగ్గుతుందా అన్నాడు.

మన బోర్ల ఫ్లోరైడ్‌నూ తెచ్చారు, కలవడం తేలిక, విడదీయడం కష్టం అని చూపించడానికి. రాయిలోంచి నీళ్లలోకి దానంతటదే కరుగుతుంది, తీయాలంటే మాత్రం పటిక, సున్నం వేసి కలిపి, తేరనిచ్చి, అడుగున మడ్డి పారేయాలి. నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు దానికి.

బయాలజీ రెండు వారాలే తేలిపోయాయి. ఒంటి సంగతి బాగానే చెప్పారు: ఊరికే కూర్చున్న మనిషి 100 వాట్ల బల్బంత వేడి వదులుతాడు, బయట ఎంట్రోపీ పెంచుకుంటూనే లోపల పద్ధతిగా ఉంటాడు, మొత్తం ఎంట్రోపీ తగ్గకూడదన్న రూలేమీ తప్పడం లేదు. సూర్యుడి నుంచి ఒక ఫోటాన్, అంటే వెలుతురు రేణువు, వస్తే భూమి దాదాపు 20 చల్లటి (తక్కువ శక్తి ఉన్న) ఫోటాన్లు తిరిగి పంపుతుందన్నది కూడా బాగుంది. కానీ డీఎన్‌ఏలో 300 కోట్ల అక్షరాలు (ఏ, టీ, జీ, సీ అని నాలుగే రకాలు), అక్షరానికి 2 బిట్లు, కాబట్టి మనిషంటే 750 ఎంబీ అని తేల్చేశారు. నాలుగు అక్షరాలూ సమానంగా, పక్కదానితో పొత్తు లేకుండా వస్తేనే ఆ 2 బిట్లు. పాచికలు వేసినట్టు అక్షరాలు పేర్చినా అదే 750 వస్తుంది, దాంతో ఈగ కూడా పుట్టదు. అసలు మన డీఎన్‌ఏలో సగం దాకా మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలే. అడిగితే "అది మళ్లీ చూద్దాం" అన్నారు, చూడలేదు.

ఐదుకు మూడున్నర. కుర్చీలు బాగోవు, ఫ్యాను కింద కూర్చోవాలంటే పది నిమిషాలు ముందే వెళ్లాలి. కాగితాలు ఇవ్వగానే సూత్రాల్లో మైనస్‌లు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి, కింద షాపు ఆదివారం ఒంటి గంటకే మూసేస్తారు.