ఇంటికొచ్చే పాలియేటివ్ కేర్: మా బాపు విషయంలో

మాది పరకాల దగ్గర ఊరు. బాపుకు దవడ క్యాన్సర్, ముదిరిపోయింది. ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు, నొప్పికి మాత్రం పారాసిటమాల్ రాశారు. ఆ పది రోజులు ఇంట్లో ఎవ్వరం నిద్రపోలేదు.

తెలిసినవాళ్లు చెబితే సర్కారు దవాఖానాలో, ముదిరిన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్‌లో పేరు రాయించాం. గట్టి నొప్పిని తగ్గించే మార్ఫిన్ గోళీలు ఉచితం. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక అనుమతి ఉన్న ఆసుపత్రులు ఇవి ఇవ్వడం తేలికైందట. మామూలు మెడికల్ షాపుల్లో తిరిగితే నాకు దొరకలేదు. గోళీ నాలుగు గంటలకోటి. రాత్రి పడుకునేముందు రెండు కలిపి వేయమన్నారు, నడిరాత్రి లేపే పని లేకుండా. మలబద్ధకం తప్పదని మొదటి రోజే దానికీ మందిచ్చారు.

నాకు బాగా నచ్చింది ఇంటికొచ్చే నర్సమ్మ. పుండు వాసనకు బాపు మనవణ్ని కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆమె మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ గోళీ మెత్తగా నూరి, కడిగిన పుండు మీద చల్లి, "బాపూ, రోజూ ఇట్లనే" అని అవ్వకు చేసి చూపించింది. నాలుగైదు రోజుల్లో వాసన చాలావరకు తగ్గింది.

లోపం ఉంది. నర్సమ్మ వచ్చే బండి చెప్పిన రోజు రాదు. ఒకసారి గోళీలు అయిపోయి, నేనే బైక్ మీద పోయి తెచ్చా. గోళీలు అయిపోయే రెండు రోజుల ముందే ఫోన్ చేసుకోండి.

నిన్న బాపు చల్లలో కలిపిన మక్క గటక అడిగి తాగాడు. మనవడు పక్కనే కూర్చున్నాడు.