రొయ్య సీడ్ పీసీఆర్ ల్యాబ్‌లో మైక్రోపిపెట్లు: చాలాకాలం వాడాక తేలినవి

భీమవరం చుట్టుపక్కల రొయ్య సీడ్‌కి, అంటే చెరువులో వదిలే పిల్ల రొయ్యలకి, పీసీఆర్ పరీక్ష (జబ్బు కలిగించే జీవి డీఎన్ఏని ఎన్నో రెట్లు పెంచి పట్టుకునేది) చేసే ల్యాబ్ పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది థర్మల్ సైక్లర్, అంటే ఆ డీఎన్ఏని పెంచే యంత్రం, ఏది తీసుకోవాలని. ఆ తర్వాత జెల్ డాక్ గురించి, అంటే ఫలితాన్ని జెల్ మీద గీతగా (బ్యాండ్‌గా) చూపించేది. ద్రవాన్ని మైక్రోలీటర్లలో కొలిచి తీసే పిపెట్లు కొటేషన్‌లో ఆఖరి వరుసలో ఉంటాయి, ఏది చవగ్గా వస్తే అది వేసేస్తారు. నా లెక్కలో ఈ వరుస తిరగబడాలి. సైక్లర్ పాడైతే తెరమీద ఎర్రర్ కనిపిస్తుంది. పిపెట్ పాడైతే ఏమీ చెప్పదు. రావాల్సిన బ్యాండ్ రాదు, కాగితం మీద నెగెటివ్ అని పడుతుంది, రైతు ఆ సీడ్‌ని తీసుకెళ్లి చెరువులో వదులుతాడు.

ఇక్కడ రాస్తున్నది చేత్తో నొక్కే, ఒకే చానెల్ ఉన్న, కొలత మార్చుకోగలిగే నాలుగు పిపెట్ల సెట్ గురించి: 0.5–10, 2–20, 20–200, 100–1000 మైక్రోలీటర్లవి. స్టీలు పిస్టన్, రబ్బరు ఓ రింగు, విప్పి శుభ్రం చేసుకునే కింది భాగం. తెల్లమచ్చ వైరస్‌కీ, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవికీ రోజూ నడిచే పీసీఆర్ పనిలో వాడినవి.

పిస్టన్ పైకి లేస్తే దాని కింద ఉన్న గాలి లాగబడుతుంది, ఆ గాలి ద్రవాన్ని టిప్‌లోకి, అంటే చివర తొడిగే ప్లాస్టిక్ గొట్టంలోకి, లాగుతుంది. అంటే పిపెట్ నేరుగా కొలిచేది గాలిని. 1957లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ స్ప్రింగుతో పనిచేసే పిపెట్ చేసిన నాటి నుంచీ పద్ధతి ఇదే. గాలి వేడికి వ్యాకోచిస్తుంది, చలికి ముడుచుకుంటుంది, సీల్‌లో సన్న సందు దొరికినా జారిపోతుంది. పిపెట్‌తో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడతాయి. డెల్టా వాతావరణం వాటిని ఇంకాస్త పెంచుతుంది.

మే నెలలో ల్యాబ్ లోపల ఏసీ 23 డిగ్రీల దగ్గర ఉంటుంది, బయట ఉక్క. ఆ చల్లటి పిపెట్‌ని సాంపిళ్లు దంచే గదిలోకి, అంటే ఏసీ లేని గదిలోకి తీసుకెళ్తే, దాని ఒంటి మీదే కాకుండా లోపల పిస్టన్ మీద కూడా తేమ పడుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు కిటికీలు తెరిచినా ఇదే జరుగుతుంది. దానికి తోడు మన సాంపిళ్లు ఉప్పునీళ్లవి. మొగల్తూరు, నరసాపురం వైపు ల్యాబ్‌లకు సముద్రపు గాలి ఉండనే ఉంది. తేమ, ఉప్పు కలిస్తే స్టెయిన్‌లెస్ అని చెప్పిన పిస్టన్ మీద కూడా సన్నటి గోధుమ చుక్కలు వస్తాయి. చుక్క పడిన చోట నునుపు పోతుంది, ఆ గరుకు ఓ రింగుని గీరుతుంది, గాలి జారడం మొదలవుతుంది. నాలుగింటిలో ముందుగా లీకు చూపించేది 1000ది. పోగుచేసిన సీడ్ సాంపిల్ లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రావణంలో) నానాక దాన్ని తీసేది దానితోనే కాబట్టి, ఆవిరీ తుంపరా ముందు చేరేది దానిలోకే.

అందుకని ఏ గది పిపెట్ ఆ గదిలోనే ఉండాలి. ఇది కంటామినేషన్ (ఒకదాని డీఎన్ఏ ఇంకోదానిలో కలవడం) రాకుండా అందరూ చెప్పే నియమమే, తుప్పుకీ అదే మందు. వానాకాలంలో రాత్రిపూట వాటిని సిలికా జెల్ సంచులు వేసిన గాలి చొరని డబ్బాలో నిలువుగా ఉంచితే పిస్టన్ చాలా ఎక్కువకాలం నిలుస్తుంది. సిలికా రంగు మారగానే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

లీకు చూడటానికి ఒక్క నిమిషం చాలు, రోజూ పొద్దున చేయాల్సిందే. 200, 1000 పిపెట్లలో పూర్తి కొలత నీళ్లు తీసి, టిప్ కిందికి ఉండేలా నిలువుగా 20 సెకన్లు పట్టుకోవాలి. టిప్ చివర బొట్టు కట్టిందంటే లీకు. 10, 20 పిపెట్లలో బొట్టు కట్టేంత నీరు ఉండదు. టిప్ కొసని నీళ్లలోనే ఉంచి లోపలి మట్టం దిగుతుందేమో చూడాలి. లీకు కనిపిస్తే ముందు కొత్త టిప్ వేసి మళ్లీ చూడండి. సగం సార్లు తప్పు టిప్‌దే. అప్పటికీ లీకైతే కింది భాగం విప్పి ఓ రింగు, సీల్ తీసి చూడాలి, పగులు ఉంటే మార్చాలి. పిస్టన్‌ని 70 శాతం ఇథనాల్‌తో తడిపిన మెత్తటి కాగితంతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పూయాలి. గ్రీజు మెరుపు కనపడాలే గాని పొర కనపడకూడదు. ఎక్కువైతే కిందికి జారి దుమ్ముని పడుతుంది, 10 మైక్రోలీటర్ల పిపెట్‌లోనైతే కొలతనే మార్చేస్తుంది. వాజలైన్ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

లీకు లేదంటే కొలత సరిగ్గా ఉన్నట్టు కాదు. దానికి తూకం ఒక్కటే దారి. డిస్టిల్డ్ వాటర్, పిపెట్, టిప్‌లు, త్రాసు అన్నీ కనీసం 2 గంటలు ఒకే గదిలో ఉండాలి. పూర్తి కొలత, సగం, పదోవంతు దగ్గర పదేసి సార్లు తూచి సగటు తీయాలి. 27 డిగ్రీల నీరు 1000 మైక్రోలీటర్లు తూగేది 1000 మిల్లీగ్రాములు కాదు, దాదాపు 995.5. తూకాన్ని 1.0045తో గుణిస్తే మైక్రోలీటర్లు వస్తాయి. ఈ సంగతి తెలియక బాగున్న పిపెట్‌ని తిప్పి చెడగొట్టిన ల్యాబ్‌లు ఉన్నాయి. ఇంకో మాట: నాలుగు దశాంశాల త్రాసు, అంటే 0.1 మిల్లీగ్రాము చూపేది, 1000కీ 200కీ సరిపోతుంది. 10 పిపెట్‌కి సరిపోదు. ల్యాబ్‌లోనే చూసుకోవాలంటే ఒకే ట్యూబులోకి 10 మైక్రోలీటర్ల చొప్పున పదిసార్లు వదిలి మొత్తాన్ని తూచండి, 99.5 మిల్లీగ్రాముల దగ్గర రావాలి. సగటు తెలుస్తుంది గాని ఒక్కోసారికి ఎంత ఊగుతుందో తెలియదు. అది తెలియాలంటే ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబ్‌కి ఏడాదికోసారి పంపక తప్పదు. తిరిగొచ్చాక సర్టిఫికెట్ చూసి ఊరుకోకుండా మళ్లీ ఒకసారి తూచుకోవాలి, కొరియర్‌లో దెబ్బ తగిలి ఉండొచ్చు.

ఇప్పుడు ఈ నాలుగు పిపెట్ల సెట్‌లో నాకు నచ్చని విషయం. పిపెట్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 ప్రకారం సగటు కొలతలో ఉండదగ్గ తేడా 1000 పిపెట్‌కి 8 మైక్రోలీటర్లు, 200కి 1.6, 100కి 0.8, 20కి 0.2, 10కి 0.12. పైకి చిన్న అంకెలే. కానీ ఈ తేడా పూర్తి కొలతకే కాదు, ఆ పిపెట్‌తో తీసే ఏ కొలతకైనా ఇంతే. 1000 పిపెట్‌తో 100 తీస్తే, ప్రమాణం లోపల ఉండి కూడా 8 శాతం తప్పు రావచ్చు.

దీన్ని మన పనికి వేసి చూడండి. 20 సాంపిళ్లు, ఒక పాజిటివ్ కంట్రోల్ (జబ్బు ఉందని తెలిసినది), ఒక నెగెటివ్ కంట్రోల్ (లేదని తెలిసినది), మొత్తం 22. మిక్స్ రెండు ఎక్కువగా 24కి కలుపుతాం. 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌కి రెండింతల గాఢత మాస్టర్ మిక్స్ (ఎంజైమ్ వగైరా ముందే కలిపినది) 12.5, ఒక్కో ప్రైమర్ (వెతికే డీఎన్ఏకి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్క) 1, నీళ్లు 8.5, డీఎన్ఏ 2. 24కి లెక్కేస్తే మాస్టర్ మిక్స్ 300, ప్రైమర్లు 24 చొప్పున, నీళ్లు 204. దీన్ని ట్యూబుకి 23 చొప్పున పంచాలి. ఆ 23ని 200 పిపెట్‌తో తీస్తే 1.6 తేడా అంటే 7 శాతం. 20 పిపెట్‌తో అయితే రెండుసార్లు తీయాలి, 22 ట్యూబులకి 44 నొక్కులు, లెక్క తప్పే అవకాశం ఎక్కువ. మధ్యలో 10–100 పిపెట్ ఉంటే ఒక్క నొక్కుతో, 3.5 శాతం లోపు పని అయిపోతుంది. రోజంతా మనం ఎక్కువసార్లు తీసే కొలతకే ఈ సెట్‌లో సరైన పిపెట్ లేదు. అమ్మేవాళ్లు నాలుగు కలిపి తగ్గింపు ఇస్తామన్నా, 10–100 కలిపి ఐదు అడగండి.

డీఎన్ఏ 1 కాకుండా 2 మైక్రోలీటర్లు వేయడానికి కారణమూ ఇదే. 10 పిపెట్‌తో 1 తీస్తే 12 శాతం దాకా తేడాకి వీలుంది, 2 తీస్తే 6. ఈహెచ్‌పీ తక్కువగా ఉన్న సీడ్‌లో ఈ తేడాకి బ్యాండ్ ఉండటం, లేకపోవడం మారిపోతుంది. ఈహెచ్‌పీ తెల్లమచ్చలా కొద్ది రోజుల్లో చెరువుని ఊడ్చేయదు. రొయ్య ఎదగకుండా చేసి, మేత ఖర్చంతా మీద పడ్డాక బయటపడుతుంది. అందుకే తేలికపాటి పాజిటివ్‌ని పట్టుకోవడం ముఖ్యం. అయితే డీఎన్ఏ శుభ్రంగా లేకపోతే 2 వేసినప్పుడు రియాక్షనే ఆగిపోతుంది, కాబట్టి రొయ్య సొంత జన్యువుకి పనిచేసే ప్రైమర్లతో ఇంటర్నల్ కంట్రోల్ (రియాక్షన్ నడిచిందని చూపేది) నడపాలి.

మాస్టర్ మిక్స్ చిక్కటిది, ఎంజైమ్‌తో పాటు గ్లిసరాల్ ఉంటుంది. గబుక్కున లాగితే గాలి బుడగ వస్తుంది. టిప్‌ని లోతుగా ముంచితే బయటి గోడకి అంటుకుని అదనంగా వస్తుంది. కొసని 1–2 మిల్లీమీటర్లే ముంచి, మెల్లగా లాగి, రెండు సెకన్లు ఆగి తీయాలి. ఇలాంటి వాటికి రివర్స్ పద్ధతి బాగా పనిచేస్తుంది: రెండో స్టాప్ దాకా (బటన్ పూర్తిగా కిందికి) నొక్కి లాగడం, మొదటి స్టాప్ దాకే (బటన్ మొదట ఆగే చోటు దాకే) నొక్కి వదలడం, టిప్‌లో మిగిలినదాన్ని వదిలేయడం. 2 మైక్రోలీటర్ల డీఎన్ఏకి మాత్రం రివర్స్ వద్దు. దాన్ని మామూలుగా తీసి, నేరుగా మిక్స్ లోపలే వదిలి, టిప్‌ని కంటి ఎత్తుకి తెచ్చి ఖాళీ అయిందో లేదో చూడాలి.

డీఎన్ఏ విడదీయడానికి వాడే క్లోరోఫామ్ తీసేటప్పుడు టిప్ నుంచి దానంతటదే కారడం చూసి చాలామంది పిపెట్ లీకనుకుంటారు. అది లీకు కాదు. దాని ఆవిరి లోపలి గాలిలో నిండి ద్రవాన్ని కిందికి తోస్తుంది. ముందు నాలుగైదు సార్లు లాగి వదిలితే ఆవిరి నిండిపోయి కారడం ఆగుతుంది. ఆ ఆవిరి సీల్స్‌ని తినేస్తుంది కాబట్టి క్లోరోఫామ్‌కి పాత 1000 పిపెట్ ఒకటి విడిగా పెట్టుకోవడం మంచిది, పని అయ్యాక కింది భాగం విప్పి గాలికి పెట్టాలి.

తెల్లమచ్చకి మనం వాడే నెస్టెడ్ (రెండు రౌండుల) పీసీఆర్ 1996లో తైవాన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రైమర్లతో నడుస్తుంది. మొదటి రౌండులో 1447, రెండో రౌండులో 941 బేస్ పెయిర్ల (డీఎన్ఏ పొడవుని కొలిచే లెక్క) ముక్క వస్తుంది. మొదటి రౌండు ట్యూబు మూత తెరిచి అందులోంచి కొంచెం తీసి రెండోదాంట్లో వేసే క్షణమే అన్నిటికన్నా ప్రమాదం. ఆ ట్యూబులో కోట్ల కాపీలు ఉంటాయి. ఫిల్టర్ లేని టిప్ వాడితే తుంపర పిపెట్ గొట్టంలోకి ఎక్కి, తర్వాత తీసే ప్రతి సాంపిల్‌లోకీ దిగుతుంది. నెగెటివ్ కంట్రోల్‌లో 941 దగ్గర బ్యాండ్ కనిపిస్తే ఆ రోజు రిపోర్టులేవీ ఇవ్వకూడదు. మిక్స్ కలిపే పిపెట్లు, డీఎన్ఏ వేసేవి, రెండో రౌండుకి వేసేవి, జెల్ లోడు చేసేది వేర్వేరుగా ఉండి, ఒక్కో రకానికి ఒక్కో రంగు టేపు ఉండాలి. జెల్ పిపెట్ ఏ కారణంతోనూ మళ్లీ మిక్స్ గదిలోకి రాకూడదు.

కంటామినేషన్ పట్టిన పిపెట్‌కి ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరి) ఒక్కటే చాలదు. 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాల్లో సూక్ష్మజీవులు చస్తాయి గాని, పీసీఆర్‌కి సరిపోయే డీఎన్ఏ ముక్కలు మిగలొచ్చు. కింది భాగం విప్పి, పదో వంతుకి పలుచన చేసిన బ్లీచ్‌తో 10 నిమిషాలు తడిపి ఉంచి, వెంటనే డిస్టిల్డ్ నీళ్లతో రెండు మూడు సార్లు కడగాలి. పిస్టన్‌కి బ్లీచ్ తగలనివ్వకండి, మిగిలిపోయిన క్లోరిన్ దాన్ని తుప్పుకంటే వేగంగా తింటుంది. ఆటోక్లేవ్ చేస్తే ఒక రాత్రంతా ఆరనిచ్చి, బిగించి, తూచాకే వాడాలి. యూవీ లైటు కింద రోజూ పెట్టిన పిపెట్ల ప్లాస్టిక్ పసుపు తిరిగి పెళుసుగా మారింది, టిప్‌ని తోసేసే ఎజెక్టర్ బటన్ ముందు విరుగుతుంది.

టిప్‌ల విషయంలో పొదుపు చేయకండి. అన్ని పిపెట్లకీ పడుతుందని చెప్పే చవక టిప్‌లు కోన్ (టిప్ తొడిగే కొస) మీద వదులుగా కూర్చుంటాయి. బిగించడానికి రాక్‌లోకి టకటకా పొడుస్తారు, దాంతో కోన్ అంచు అరిగిపోతుంది, ఆ తర్వాత మంచి టిప్ వేసినా గాలి జారుతుంది. మెల్లగా ఒక్కసారి నొక్కితే కూర్చునే టిప్ కావాలి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా పది టిప్‌లతో లీకు చూసుకుంటే చాలు.

కొలత పెంచేటప్పుడు కావాల్సిన అంకె దాటి కొంచెం పైకి తిప్పి, మళ్లీ కిందికి తెచ్చి ఆపాలి. లోపలి స్క్రూలో ఉండే వదులు దీంతో పోతుంది. గ్లవ్స్ రాసుకుని అంకె జరిగిపోవడం ఈ రకంలో ఉన్న లోపం, లాక్ ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి. పిపెట్ నిలువుగా ఉండాలి, 20 డిగ్రీలకన్నా వాలిస్తే కొలత మారుతుంది. స్ప్రింగు గట్టిగా ఉంటే సాయంత్రానికి బొటనవేలు లాగుతుంది, చేయి తూలుతుంది. కొనేముందు 50 సార్లు నొక్కి చూడండి. ఎలక్ట్రానిక్ పిపెట్లు ఈ స్థాయి ల్యాబ్‌కి అవసరం లేదు.

కొనే రోజునే అడగాల్సినవి: ఓ రింగులు, సీల్స్, టిప్ కోన్ విడిగా దొరుకుతాయా, ఎన్ని రోజుల్లో వస్తాయి, విప్పడానికి ప్రత్యేకమైన తాళం కావాలా. విడిభాగాలు నెల తర్వాత వస్తాయంటే ఎంత మంచి పేరున్న పిపెట్ అయినా వద్దు, సీజన్‌లో నెల ఆగే సీడ్ ఉండదు. ప్రతి కొలతకీ రెండేసి ఓ రింగులు, ఒక సీల్, చిన్న గ్రీజు ట్యూబు, అదనంగా ఒక 10 పిపెట్ ఎప్పుడూ అలమారాలో ఉండాలి. డబ్బు తక్కువగా ఉంటే 1000ది మామూలుది తీసుకుని, 10దీ 100దీ మాత్రం దొరికినవాటిలో మంచివి కొనండి.