డౌన్ ఘాట్‌లో దిగిపోని పెడల్: అంబాసిడర్‌కు ముందు డిస్కులు వేయించిన నాలుగేళ్లకు

తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులో 36 మలుపులు. అన్నీ దాటి అలిపిరికి చేరాక కూడా బ్రేకు పెడల్ కొండ మీద ఎక్కడ పట్టిందో అక్కడే పడుతోంది. ఈ ఒక్క సుఖం కోసమే అంబాసిడర్ ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించాలి. పాత డ్రమ్ము బ్రేకులతో సగం దారిలోనే పెడల్ కిందికి జారడం మొదలయ్యేది. వేడికి డ్రమ్ము సాగి, లోపలి నుంచి దాన్ని నొక్కే షూలకు దూరమవుతుంది, షూల మీది లైనర్లు మాడు వాసన కొడతాయి, ఎంత తొక్కినా పట్టు చాలదు. డిస్కు వేడెక్కితే దాన్ని రెండు వైపులా నొక్కే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. పైగా గాలికి బయటే తిరుగుతుంది కాబట్టి తొందరగా చల్లారుతుంది.

వేసింది చివరి రోజుల అంబాసిడర్లకు కంపెనీ ఇచ్చిన సెట్టే. హబ్బులు, డిస్కులు, ప్యాడ్లను నొక్కే కాలిపర్లు, బ్రాకెట్లు, కొత్త రబ్బరు హోసులు, తొక్కుడుకు బలం కలిపే బూస్టర్‌తో పాటు ఆయిల్‌ను చక్రాలకు నెట్టే రెండు లైన్ల మాస్టర్ సిలిండర్. వెనక డ్రమ్ములు అట్లే ఉన్నాయి, హ్యాండ్‌బ్రేక్ వాటిదే కదా. కాలిపర్ బిగించగానే చక్రం పెట్టి చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి, రిమ్ము ఎక్కడైనా రాసుకుంటే అప్పుడే తెలుస్తుంది. స్టెప్నీ కూడా పెట్టి చూడడం మరవొద్దు.

ఇక అసలు తంటా. మొదటి నెల బండి చల్లగా ఉన్నప్పుడు బ్రేకులు బ్రహ్మాండంగా ఉండేవి. లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా ట్రాఫిక్‌లో తొక్కుతూ వదులుతూ పోతే మాత్రం పెడల్ రాయిలా గట్టిపడి, ముందు చక్రాలు రెండూ వాటంతట అవే పట్టేసేవి. హబ్బు మీద చెయ్యి పెట్టలేనంత కాక. గంట సేపు నిలబెడితే మళ్లీ మామూలే. కాలిపర్ పిస్టన్లు జామ్ అయ్యాయని మెకానిక్ తేల్చాడు. రెండూ విప్పి కొత్త సీల్ కిట్లు వేసినా ఫలితం లేదు. తప్పు కాలిపర్‌లో లేదు, బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే రాడ్ పొడవులో ఉంది.

మాస్టర్ సిలిండర్‌లో సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. పెడల్ వదలగానే ఆయిల్ దాని గుండానే డబ్బాలోకి తిరిగిపోవాలి. బూస్టర్ రాడ్ రవ్వంత పొడవైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రబ్బరు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. వేడెక్కి ఉబ్బిన ఆయిల్‌కు దారి లేక ప్యాడ్లనే నెడుతుంది. ప్యాడ్లు రాసుకునే కొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది.

దీన్ని పట్టుకోవడం ఐదు నిమిషాల పని. బ్రేకులు పట్టేసి ఉన్నప్పుడే, సమతల నేల మీద చక్రాలకు రాళ్లు పెట్టి, మాస్టర్‌ను బూస్టర్‌కు బిగించే రెండు నట్లూ రెండు మూడు చుట్లు వదులు చేయండి. చక్రం విడిస్తే రాడ్‌దే తప్పు. విడవకపోతే మాస్టర్ దగ్గర ముందు లైను పైపు నట్టు వదలండి. ఇప్పుడు విడిస్తే తప్పు మాస్టర్ లోపలే. డ్రమ్ముల కోసం పెట్టిన వాల్వు లోపల మిగిలిపోయినా ఆయిల్ ప్రెజర్ ఇట్లాగే నిలుస్తుంది. అప్పుడూ విడవక, కాలిపర్ నిపిల్ (గాలి తీసే చిన్న స్క్రూ) తెరిస్తేనే విడిస్తే హోసు లోపల ఉబ్బి మూసుకుపోయినట్టు. నిపిల్ తెరిచినా కదలకుంటేనే కాలిపర్ విప్పాలి. మా బండిలో మొదటి పరీక్షకే విడిచింది. రాడ్ మొన మీద గోధుమపిండి ముద్ద చిన్నది పెట్టి, మాస్టర్ బిగించి మళ్లీ విప్పి చూస్తే ముద్ద పూర్తిగా నలిగిపోయి ఉంది. మొనను లోపలికి తిప్పి, అర మిల్లీమీటరు మందం ముద్ద మిగిలేలా సెట్ చేశాక ఆ జబ్బు తిరిగి రాలేదు.

ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు. ప్యాడ్లు ఒకసారి మార్చాం, మందం 3 మిల్లీమీటర్ల కంటే తగ్గేలా అరగనివ్వకూడదు. వేసింది డాట్ 4 రకం బ్రేకు ఆయిల్. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు గానీ, తేమ పీల్చుకున్నాక 155కే మరుగుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ఆయిల్ లైన్లలోంచి ఎయిర్ తీసేటప్పుడు ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాలి.

పెడల్ దిగదన్నాను గానీ, రెండో గేరులో దిగితేనే ఆ మాట. బూస్టర్ ఇంజన్ వ్యాక్యూమ్ మీద నడుస్తుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపి దిగే అలవాటుంటే రెండు మూడు తొక్కుళ్లకే సాయం అయిపోయి పెడల్ కొయ్యలా మారుతుంది. ఘాట్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనక డ్రమ్ములు ముందే లాక్ అవుతున్నాయి. వెనక లైనులో ప్రెజర్ తగ్గించే వాల్వు మొదటి రోజే వేయించి ఉండాల్సింది. ఇంకొకటి, డ్రమ్ములతో తెలియని ముందు చక్రాల వదులు డిస్కులు వేశాక స్టీరింగ్‌లో వణుకై తేలింది. కింగ్‌పిన్ (స్టీరింగ్‌కు ముందు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్ను) పని ముందే చేయించుకుంటే మేలు.

చిత్తూరు టౌన్ దాటని బండికి ఇంత ఖర్చు అక్కర్లేదు. కొత్త లైనర్లు, వీల్ సిలిండర్ కిట్లు వేసి షూలు సరిగ్గా సెట్ చేయిస్తే డ్రమ్ములే చాలు. తరచూ కొండెక్కే బండైతే, భాకరాపేట ఘాట్ మీదుగా తిరిగేదైతే వేయించండి. మాస్టర్ బిగించే రోజు మాత్రం దగ్గరుండి రాడ్ మొన దగ్గరి ఆ అర మిల్లీమీటరు గ్యాప్ కొలిపించుకోండి.