డోకాపాన్ కింగ్‌డమ్‌ని ఎమ్యులేటర్‌లో ఆన్‌లైన్‌గా ఆడితే ఎలా ఉంటుంది: చాలాకాలం ఆడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఎమ్యులేటర్‌లో, అంటే పాత కన్సోల్ గేముల్ని కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌లో, నలుగురు ఫ్రెండ్స్ నాలుగు చోట్ల కూర్చుని కలిసి ఆడుకోవడానికి నేను ట్రై చేసిన పాత కన్సోల్ గేముల్లో డోకాపాన్ కింగ్‌డమ్‌ని మించింది లేదు. గ్రాఫిక్స్ వల్లో కథ వల్లో కాదు, ఈ గేమ్‌కి లాగ్ (నెట్ వల్ల వచ్చే ఆలస్యం) అంటే లెక్కే లేదు, అదీ సంగతి. ఫైటింగ్ గేమ్ అయితే నెట్ కాస్త తడబడితే చాలు ఆట పోయినట్టే, ఇక్కడ మన వంతు వచ్చినప్పుడు చక్రం తిప్పుతాం, పడిన అంకె ప్రకారం గళ్ళు నడుస్తాం, ఆ బటన్ పావు సెకను లేటుగా పడినా ఎవరికీ ఏమీ నష్టం లేదు.

తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. స్టింగ్ వాళ్ళు చేసిన గేమ్ ఇది, జపాన్‌లో 2007లో ప్లేస్టేషన్ 2 (పీఎస్2) మీద వచ్చింది, తర్వాత 2008లో నింటెండో వీ (Wii) మీద కూడా, అమెరికాలో అట్లస్ రిలీజ్ చేసింది, స్నేహాలు చెడగొట్టే గేమ్ అని వాళ్ళే ప్రచారం చేసుకున్నారు. బోర్డు గేమూ ఆర్పీజీ (ఒక పాత్రని పెంచుకుంటూ ఆడే గేమ్) కలిపేశారు అన్నమాట. యోధుడో మంత్రగాడో దొంగో అయి మొదలుపెడతాం, రాక్షసుల చేతిలో ఉన్న ఊళ్ళు విడిపిస్తాం, ఆ ఊళ్ళ నుంచి పన్ను వసూలు చేసుకుంటాం, చివరికి అందరికంటే ఆస్తి ఎక్కువున్నవాడిదే గెలుపు. దారిలో ఒకరినొకరు కొట్టుకోవచ్చు, దోచుకోవచ్చు. ఓడిపోయినవాడి డబ్బు లాక్కోవచ్చు, ఊరు లాక్కోవచ్చు, అదీ చాలదనుకుంటే వాడి పేరు మార్చి మనకి నచ్చింది పెట్టొచ్చు, ఆ పేరే ఇక స్క్రీన్ మీద కనపడుతూ ఉంటుంది, ఓడిపోవడం కంటే అదే ఎక్కువ మండుతుంది జనాలకి.

ఇప్పుడు సెటప్ గురించి, ఎందుకంటే అడిగేవాళ్ళంతా దీని గురించే అడుగుతారు. మేము రెండు దారుల్లోనూ ఆడాం.

మొదటిది డాల్ఫిన్ (వీ గేముల ఎమ్యులేటర్)లో ఉండే నెట్‌ప్లే, అంటే ఆన్‌లైన్‌గా కలిసి ఆడే ఫీచర్, వీ వెర్షన్‌తో. ఇందులో వీడియో ఏదీ నెట్‌లో పోదు, నలుగురి కంప్యూటర్లలోనూ అదే గేమ్ విడివిడిగా నడుస్తూ ఉంటుంది, ఎవరు ఏ బటన్ నొక్కారన్నది మాత్రమే ఇటూ అటూ వెళ్తుంది. అందుకే డేటా చాలా తక్కువ, నెట్ సోసోగా ఉన్నవాళ్ళు కూడా హాయిగా ఆడేయొచ్చు. కానీ నాలుగు చోట్లా అంతా ఒకేలా ఉండాలి: డాల్ఫిన్ వెర్షన్ ఒకటే, గేమ్ ఫైల్ అచ్చం ఒకటే, చీట్లూ గట్రా ఉంటే అవీ అందరి దగ్గరా ఒకేలా ఉండాలి. ఎక్కడ చిన్న తేడా ఉన్నా డీసింక్ వస్తుంది, అంటే ఒకరి స్క్రీన్ మీద చక్రం నాలుగు దగ్గర ఆగితే ఇంకొకరి స్క్రీన్ మీద రెండు దగ్గర ఆగుతుంది, అక్కడినుంచి ఇద్దరూ ఆడుతున్నవి వేర్వేరు ఆటలు. డీసింక్ జరిగిందేమో అని డాల్ఫిన్ చాట్‌లోనే వార్నింగ్ ఇస్తుంది, అది కనపడగానే ఆపేసి సేవ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టడమే మంచిది, ముందుకెళ్ళి లాభం లేదు.

బఫర్ విషయం కూడా చెప్పాలి, అంటే నెట్ తడబాటు తెలియకుండా మన బటన్‌ని కావాలని కాస్త ఆలస్యం చేసే సెట్టింగ్. పింగ్‌లో (డేటా వెళ్ళి తిరిగి రావడానికి పట్టే టైమ్) ప్రతి 15 మిల్లీసెకన్లకి ఒక బఫర్ అని మామూలుగా వేసే లెక్క, వేరే గేముల్లో దాన్ని తగ్గించుకోవడానికి నానా తంటాలు పడతారు, ఈ గేమ్‌లో నేనైతే లెక్క కంటే ఎక్కువే పెట్టేస్తాను, చేతికి కాస్త బరువుగా అనిపిస్తుంది గానీ మధ్యలో ఆగి ఆగి నడవడం ఉండదు. వంతుల ఆట కదా అని గోల్ఫ్ మోడ్ వాడమనేవాళ్ళు ఉన్నారు, వంతు వచ్చినవాడికి ఆలస్యం లేకుండా చేస్తుంది అది, నిజమే, కానీ కొట్టే టైమింగ్ ముఖ్యమైన ఆటలకి అది కావాలి, ఇక్కడ అనవసరం.

సేవ్ గురించి ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆట మొదలైనప్పుడు హోస్ట్ (ఆట నడిపించేవాడు) సేవ్ ఫైల్ అందరికీ వెళ్తుంది, కానీ ఆడాక అది తిరిగి హోస్ట్ దగ్గర రాయబడాలంటే సేవ్‌ని లోడ్ చేయడం, తిరిగి రాయడం రెండూ కలిసిన ఆప్షన్ ఎంచుకోవాలి. లోడ్ మాత్రమే అన్నది పెట్టి ఉంటే ఆ రాత్రి ఆడిందంతా గాల్లో కలిసిపోతుంది. స్టోరీ మోడ్ పదుల గంటల ఆట, ఒక్క రాత్రిలో అయ్యేది కాదు, కాబట్టి మేము ప్రతిసారి మొదలుపెట్టే ముందు అది ఒకసారి చూసుకుంటాం, అయిపోయాక సేవ్ ఫైల్ కాపీ ఇంకొకరికి కూడా పంపిస్తాం.

రెండో దారి పీఎస్2 వెర్షన్, పీసీఎస్ఎక్స్2 అనే ఎమ్యులేటర్‌లో ఒక్కరి కంప్యూటర్ మీదే నడిపి, పార్సెక్ లాంటి దాంతో మిగతావాళ్ళకి స్క్రీన్ స్ట్రీమ్ చేయడం. ఇందులో డీసింక్ అన్న మాటే లేదు, ఎందుకంటే గేమ్ ఒక్కచోటే నడుస్తోంది, చేరేవాళ్ళు ఇన్‌స్టాల్ చేయాల్సింది కూడా దాదాపు ఏమీ ఉండదు. భారమంతా హోస్ట్ అప్‌లోడ్ స్పీడ్ మీద పడుతుంది, అది బాగా లేకపోతే బొమ్మ మసకగా వస్తుంది, చిన్న అక్షరాలు చదవలేం. ఇంకో లాభం టర్బో బటన్, కంప్యూటర్ ఆటగాడి వంతు వచ్చినప్పుడు హోస్ట్ ఫాస్ట్ చేసేస్తాడు, ఈ గేమ్‌లో యానిమేషన్లు ఎంత నెమ్మదో ఆడినవాళ్ళకే తెలుసు, ఆ ఒక్క బటన్ వల్ల సాయంత్రంలో ఇంకో వారం ఎక్కువ ఆడగలం (వారం అంటే గేమ్‌లో వారం). కాకపోతే ఇక్కడ సేవ్ స్టేట్‌లు (ఆటని ఏ క్షణంలోనైనా దాచి మళ్ళీ అక్కడికే వెళ్ళే సౌకర్యం) కూడా హోస్ట్ చేతిలో ఉంటాయి, క్రాష్ అయితే తప్ప లోడ్ చేయకూడదు అని మొదటిరోజే ఒప్పందం చేసుకోండి, లేకపోతే చక్రం బాగా పడని ప్రతిసారి అనుమానాలు మొదలవుతాయి. డాల్ఫిన్ నెట్‌ప్లేలో సేవ్ స్టేట్ లోడ్ చేయనివ్వదు, ఆ గొడవే లేదు.

ఏ దారైనా గేమ్ డిస్క్ మన సొంతది ఉండి దాన్నే డంప్ (కంప్యూటర్‌లోకి కాపీ) చేసుకోవాలి, పీఎస్2కి బయోస్ (కన్సోల్ లోపలి సాఫ్ట్‌వేర్) కూడా మన కన్సోల్ నుంచే తీసుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఆడితే నాకు బాగా నచ్చిన విషయం మాత్రం పోరాటం. రాయి కాగితం కత్తెర లాంటిదే, కానీ ప్రాణాలమీదకి వచ్చేది. కొట్టేవాడికి మామూలు దాడి, స్ట్రైక్, మ్యాజిక్ ఉంటాయి, కాచుకునేవాడికి డిఫెండ్, కౌంటర్, మ్యాజిక్ డిఫెన్స్. స్ట్రైక్ తగిలితే ఒక్క దెబ్బకే పోయేంత నష్టం, కానీ ఎదుటివాడు కౌంటర్ పెట్టాడా ఆ దెబ్బ తిరిగి మనకే. అలాగని భయపడి ఎప్పుడూ కౌంటరే పెడితే మామూలు దాడికి మామూలు కంటే ఎక్కువ తగులుతుంది. ఇద్దరూ ఏం నొక్కారో ముందు స్క్రీన్ మీద కనపడదు. ఒకే సోఫాలో కూర్చుని ఆడితే పక్కవాడి బొటనవేలు ఎటు కదిలిందో ఓరకంటితో చూసేయొచ్చు, ఆన్‌లైన్‌లో ఆ ఛాన్స్ లేదు, మిగిలేది మాట ఒక్కటే. డిస్కార్డ్ వాయిస్ చాట్‌లో అంతసేపు గలగలా మాట్లాడినవాడు బటన్ ఎంచుకునేటప్పుడు గప్‌చుప్ అయిపోతాడు, మా గ్యాంగ్‌లో ఒకడైతే స్ట్రైక్ వేయబోయే ప్రతిసారి గొంతు సవరించుకుంటాడు, అది పసిగట్టి మేము కౌంటర్ పెట్టడం మొదలెట్టాం, తర్వాత వాడికి తెలిసిపోయి కావాలని గొంతు సవరించి మామూలు దాడి వేశాడు, పడ్డాం. ఇలాంటివి కంప్యూటర్‌తో ఆడితే ఎక్కడ దొరుకుతాయి చెప్పండి.

వెనకబడినవాడి సంగతి. ఆన్‌లైన్ ఆటలో ఓడిపోతున్నవాడు ఒక్క క్లిక్‌తో వెళ్ళిపోవచ్చు, అదే పెద్ద సమస్య, డోకాపాన్ దీనికి డార్క్‌లింగ్ అని ఒక దారి పెట్టింది, అందరికంటే బాగా వెనకబడినవాడు తన దగ్గరున్నదంతా వదులుకుని కొన్నాళ్ళు భయంకరమైన శక్తులున్న అవతారం ఎత్తొచ్చు. రాత్రంతా దెబ్బలు తిన్నవాడు డార్క్‌లింగ్ అయి అందరిమీదా పడినప్పుడు వాడి గొంతులో వచ్చే ఊపు చూడాలి, పొద్దున లేవాలని గొణిగినవాడే ఇంకో వారం ఆడదాం అంటాడు.

నచ్చనివి కూడా ఉన్నాయి. వెయిటింగ్ నిజంగా ఎక్కువ, నలుగురు ఆడితే మన వంతు వచ్చేలోపు బోలెడు టైమ్ పడుతుంది, మాట్లాడుకోవడం ఇష్టం లేని గ్యాంగ్‌కి ఇది నరకమే. ఒకడు రాకపోతే ఆ రోజు స్టోరీ ఆట ఆగిపోయినట్టే. అలాంటప్పుడు మేము బ్యాటిల్ రాయల్ మోడ్ వేస్తాం, ఊళ్ళ రేసో షాపింగ్ రేసో, త్వరగా అయిపోతుంది, సేవ్ గొడవ ఉండదు. కొత్తవాళ్ళు కూడా ముందు అందులోనే రెండు మూడు ఆటలు ఆడి, నెట్ ఎలా ఉందో, కంట్రోలర్ పోర్ట్‌లు (ఎవరు ఎన్నో ప్లేయరో) సరిగ్గా పంచుకున్నారో లేదో చూసుకుని ఆ తర్వాత స్టోరీలోకి దిగడం మేలు.

2023లో డోకాపాన్ కింగ్‌డమ్ కనెక్ట్ అని స్విచ్ మీద, తర్వాత పీసీ మీద ఇదే గేమ్ ఆన్‌లైన్‌తో సహా వచ్చింది. డిస్క్ లేనివాళ్ళు, సెట్టింగ్‌లతో కుస్తీ పట్టే ఓపిక లేనివాళ్ళు నేరుగా అది కొనుక్కోండి. మా దగ్గర పాత డిస్క్ ఉంది, సగంలో ఉన్న సేవ్ ఉంది, అందులో నా పేరు ఇంకా వాళ్ళు పెట్టిన పేరే, అది మార్పించుకునేదాకా నేనైతే డాల్ఫిన్ వదలను.