టమాటా తోటలో 7 హెచ్‌పీ పవర్ వీడర్, వాడాక నా రివ్యూ

కూలోళ్లు దొరక్క కలుపు తీయడానికి ఈ పెట్రోల్ పవర్ వీడర్ తీసుకున్నా, టైర్లు తీసేసి అదే షాఫ్ట్‌కి బ్లేడ్లు బిగించుకునే రకం. మాది మదనపల్లె పక్క ఎర్రనేల, సాలుకి సాలుకి నాలుగడుగులు వదిలి టమాటా పెడతాం, ఈ బండి వెడల్పుకి అది బాగా సరిపోయింది.

నేల పదును మీదుంటే మాత్రం సూపర్. మట్టి పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, కింద పడేస్తే విరిగిపోవాలి, అప్పుడు దించండి. ఎండిన నేలలో ఎగిరెగిరి పడి భుజాలు పట్టేస్తాయి, బురదలో అయితే బ్లేడ్లకి మట్టి చుట్టుకోని తర్వాత రాళ్లలాంటి పెళ్లలు మిగుల్తాయి. ఇంకోటి, హ్యాండిల్ పట్టుకొని ముందుకి తోయొద్దు, వెనక ఇనప రాడ్ ఉంటది చూడండి, దాన్ని నేలలోకి నొక్కితే బండి ఆగి లోతుగా తవ్వుద్ది, లేపితే పరిగెత్తుద్ది, చేతికి అలవాటు కావాల్సింది ఇదొక్కటే.

రెండు మూడాకుల కలుపు అయితే ఎండ కాసే రోజు పొద్దున దున్నితే సాయంత్రానికి వాడిపోద్ది. మోకాలెత్తు గడ్డి షాఫ్ట్‌కి చుట్టుకుంటది, ఇంజిన్ ఆపి కొడవలితో కోసి తీయాల్సిందే. తుంగ, గరిక ఉన్న చేనికైతే దీన్ని నమ్ముకోని కొనకండి. తుంగ గడ్డలు విడిపోయి, గరిక వేర్లు ముక్కలై ఎక్కడికక్కడ మళ్లీ మొలుస్తాయి, మా గట్టు పక్కన అదే అయింది. వాటికి ఎండాకాలం లోతు దుక్కి చేసి వేర్లు ఏరి పారేయాలి. మొక్క మొదలు దగ్గర ఎలాగూ చేత్తో తీయాల్సిందే, జానెడు దూరం వదలకపోతే వేర్లు తెగుతాయి. డ్రిప్ పైపులు కూడా ముందే పక్కకి జరపండి, చుట్టుకుంటే ఆ రోజంతా దానికే.

గంటకి సుమారు లీటర్ పెట్రోల్ తాగుద్ది, ఆ పనికి ఎక్కువేం కాదు. రివర్స్ గేర్‌లో మాత్రం బ్లేడ్లు మన కాళ్ల మీదకే వస్తాయి, బూట్లు లేకుండా పట్టుకోవద్దు.

బండి ఓకే గానీ అమ్మిన షాపుకి మాత్రం ఒక్క స్టార్ కూడా ఎక్కువే. కొత్త ఇంజిన్‌లో ఆయిల్ ఉండదు, పోసి స్టార్ట్ చేయాలని చెప్పేవాడే లేడు, మా మెకానిక్ మూత తిప్పి చూశాడు కాబట్టి బతికిపోయింది. డెమోకి వస్తామన్నోళ్లు ఫోనే ఎత్తలేదు. క్లచ్ వైరు, బ్లేడ్లు మీ ఊరి దగ్గర దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.