బొమ్మ రాసిచ్చేద్దామా, వాడుకోనిద్దామా?

నెల్లూరులో ఒక హోటల్‌వాళ్లు మెనూ కార్డు కోసమని నా చేత చేప బొమ్మ గీయించుకున్నారు. ఆరు నెలల తర్వాత అదే బొమ్మ వాళ్ల పచ్చడి సీసాల మీద కనిపించింది. అడిగితే, "డబ్బులిచ్చాం కదన్నా" అన్నారు. కాగితం రాసుకోకపోవడం నా తప్పే.

మనకి దారులు రెండు. ఒకటి హక్కు రాసిచ్చేయడం, అంటే పొలం అమ్మినట్టు. రెండోది లైసెన్స్, కౌలుకిచ్చినట్టు: పొలం మనదే, ఏ పంట, ఎన్నాళ్లు అనేది మనం చెప్తాం.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రెండింటికీ రాతపూర్వక ఒప్పందం ఉండాలి; హక్కు రాసిచ్చేస్తే సంతకం కూడా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్క. రాసిచ్చేసిన హక్కును కొన్నవాళ్లు ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేలా లేనప్పుడు, అది రద్దయినట్టే. ఈ సంగతి చాలామందికి తెలియదు.

లోగో అయితే నేను రాసిచ్చేస్తాను, రేటు మాత్రం గట్టిగా చెప్తాను. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి తన గుర్తు కోసం ఐదేళ్లకోసారి నా దగ్గరికి రాలేడుగా! అందుకే గడువు దగ్గర 'కాపీరైట్ ఉన్నంత కాలం' అని రాయిస్తాను. మెనూ, పోస్టర్, క్యాలెండర్ బొమ్మలకి మాత్రం లైసెన్సే. "మెనూ కార్డుకి మాత్రమే, రెండేళ్లు" అని ఒక్క లైను రాసుకుని ఉంటే పచ్చడి సీసాకి ఇంకో బిల్లు వేసేవాణ్ణి.

ఫోటోగ్రాఫర్లకి లెక్క వేరు. డబ్బులిచ్చి తీయించుకున్న పెళ్లి ఫోటోల మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే.