మఠం బీరులో ధనియాల జాడ: బ్రస్సెల్స్ నుంచి లె రో, దినాన్, మారెద్‌సూ, ఒర్వాల్ దాకా

బెల్జియం వెళ్ళి మఠం బీర్లు రుచి చూసి వచ్చినవాళ్ళలో చాలామంది "లవంగం వాసన ఎంత బావుందో" అంటారు. ఆ బీర్లలో సాధారణంగా లవంగం వేయరు. ఆ వాసన ఈస్టుది. మాల్టులోని ఫెరూలిక్ ఆమ్లాన్ని అక్కడి ఈస్టు రకాలు 4-వినైల్ గ్వాయకాల్‌గా మారుస్తాయి, లవంగం గుర్తొచ్చేది అందువల్ల. మగ్గిన అరటిపండు వాసన కూడా ఈస్టు పుట్టించిందే. కాచేవాళ్ళు నిజంగా వేసే ధనియాలు, ఎండిన చేదు నారింజ తొక్క ఈ రెండు వాసనల వెనక నక్కి ఉంటాయి. ఏది ఈస్టు, ఏది దినుసు అని ముక్కుతో విడదీసి పట్టుకోగలిగితేనే మసాలా వేసిన లేత రంగు మఠం బీరు పూర్తిగా అందినట్టు. అందుకే మొదటి రోజే పేరున్న మఠానికి పరుగెత్తకుండా, ఒక సాయంత్రం బ్రస్సెల్స్‌లో నాలుకకు కొలత పెట్టుకోవాలి.

ముందు అక్కడి సూపర్‌మార్కెట్‌లో చిన్న పొట్లం పచ్చి ధనియాలు, నాలుగు లవంగాలు కొనండి. ధనియాలనగానే మనకు సాంబారు పొడికి వేయించినవి గుర్తొస్తాయి. బీరులో పడేవి వేయించనివి, కచ్చాపచ్చాగా నలిపినవి. మన వంటింటి వాసన కోసం గ్లాసులో వెతికితే ఎంతకీ దొరకదు. పచ్చి గింజను గోటితో చిదిపి చూడండి, నిమ్మకూ నారింజకూ మధ్య ఒక చల్లని వాసన వస్తుంది. లినలూల్ అనే పదార్థం వల్ల వచ్చే ఆ వాసననే బీరులో వెతకాలి. లవంగాన్ని విడిగా వాసన చూసి పక్కన పెట్టండి.

ఆ సాయంత్రం మూడు బీర్లు, ఇద్దరు కలిసి పంచుకుంటూ. మొదట హూగార్డెన్, 4.9 శాతం ఆల్కహాలు. ఇది మఠం బీరు కాదు, గోధుమతో చేసిన తెల్ల బీరు. కానీ ధనియాలు, నారింజ తొక్క ఇందులో దాపరికం లేకుండా తెలుస్తాయి కాబట్టి కొలబద్దగా పనికొస్తుంది. తర్వాత సెం-ఫొయ్యెన్ బ్లోండ్, అంటే లేత రంగుది, 7.5 శాతం. చివర వెస్ట్‌మాల్లె ట్రిపెల్, 9.5 శాతం. ఇందులో ఏ దినుసూ వేయరు, అయినా మసాలా ఘాటు ఉన్నట్టే అనిపిస్తుంది. అదంతా ఈస్టు, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు కలిసి చేసిన పని. మూడోది రెండు గుటకలు తాగాక రెండోదాన్ని మళ్ళీ వాసన చూడండి. రెండింటిలోనూ ఉన్నది ఈస్టుది. రెండోదానిలో మాత్రమే మిగిలే తేలికపాటి నారింజ వాసన దినుసుది. ఈ ఒక్క పని చేస్తే మిగతా యాత్ర అంతా తేలికవుతుంది.

గ్లాసుల సంగతి తక్కువగా అంచనా వేయవద్దు. 330 మిల్లీలీటర్ల సీసాలో 7.5 శాతం అంటే దాదాపు 25 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు. మన 650 మిల్లీలీటర్ల సీసా చూసిన కళ్ళకు చిన్నగా కనిపిస్తుంది, తియ్యగా దిగిపోతుంది, ముప్పావుగంట తర్వాత తెలుస్తుంది. కేఫ్‌లలో మంచినీళ్ళు అడగకుండా పెట్టరు, చాలాచోట్ల సీసా నీళ్ళకు డబ్బు తీసుకుంటారు. అయినా ప్రతి గ్లాసుకూ ఒక సీసా చెప్పుకోవాల్సిందే.

బ్రస్సెల్స్‌లో బస సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల దొరికితే మంచిది, కేఫ్‌లకు నడిచిపోవచ్చు, రైళ్ళూ దగ్గరే. మిది స్టేషన్ దగ్గర గదులు చవకే, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ రైళ్ళు అక్కడే ఆగుతాయి, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వైపు నుంచి వారాంతానికి వచ్చే మనవాళ్ళకు అనుకూలం. కానీ రాత్రి కేఫ్ నుంచి తిరిగి నడవడానికి ఆ చుట్టుపక్కల అంత హాయిగా ఉండదు. కేఫ్ విషయానికొస్తే, రెండు వేల పైచిలుకు బీర్లకు పేరుపడ్డ డెలిరియం కేఫ్‌కు మధ్యాహ్నం వెళ్ళండి. రాత్రి జనంలో వాసన పట్టడం కుదిరే పని కాదు. ఎక్కడైనా మంచి సేవకు గుర్తు ఒక్కటే: ఏ బీరు గ్లాసు ఆ బీరుకు తెచ్చి, చన్నీళ్ళతో కడిగి, సీసా మీ ఎదుటే తెరవడం. గ్లాసు పొడిగా, వెచ్చగా వస్తే నురగ నిలవదు, సబ్బు వాసన ఉంటే ధనియం వాసన అని పొరబడతారు.

పోసే పద్ధతి: గ్లాసు 45 డిగ్రీలు వంచి, నెమ్మదిగా ఒకే ధారలో, చివర నిటారుగా చేసి మూడు సెంటీమీటర్ల నురగ రానివ్వాలి. సీసా అడుగున ఒక సెంటీమీటరు వదిలేయండి. అక్కడ ఈస్టు మడ్డి ఉంటుంది, అది కలిస్తే బీరు మబ్బుపట్టి, బ్రెడ్డు పిండి రుచి దినుసును కప్పేస్తుంది. కావాలంటే దాన్ని చివర విడిగా తాగి చూడండి. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల దగ్గర వచ్చిన బీరు మూగగా ఉంటుంది. 7–8 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 12 దాకా వెచ్చబడనివ్వాలి. ధనియం, నారింజ మొదట తెలుస్తాయి, అరటి, లవంగం, తేనె వెచ్చబడ్డాక. కాబట్టి మొదటి ఐదు నిమిషాల్లో ఎక్కువ వాసన చూసి తక్కువ తాగడం తెలివైన పని.

ఇక సెం-ఫొయ్యెన్ కాచే లె రో. హైనో ప్రాంతంలో చిన్న ఊరు, మోన్స్‌కూ లా లువ్యేర్‌కూ మధ్య. ఊళ్ళో రైలు స్టేషన్ లేదు. బ్రస్సెల్స్ నుంచి ఆ రెండింటిలో ఒకదానికి రైల్లో సుమారు గంట, అక్కడి నుంచి బస్సు. ఆదివారాల్లో బస్సులు బాగా తగ్గిపోతాయి కాబట్టి శనివారం లేదా పనిరోజు పెట్టుకోండి, తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే ఎక్కండి. 655లో ఇక్కడి అడవిలో హతుడైన ఐర్లండ్ సన్యాసి ఫొయ్యెన్ పేరు మీద 1125లో మఠం వెలిసింది, ఫ్రెంచి విప్లవ కాలంలో పోయింది. బ్రూవరీ మాత్రం ఫ్రియార్ కుటుంబానిది, 1873 నుంచి. అంటే ఇది సన్యాసులు కాచే ట్రాపిస్టు బీరు కాదు, మఠం పేరును మోసే బీరు. ఈ తేడా తెలియక నిరాశపడేవాళ్ళున్నారు. ట్రాపిస్టు షట్కోణ ముద్ర 1997 నాటి ట్రాపిస్టు మఠాల సంఘానిది. మఠంతో నిజమైన సంబంధమున్న మిగతా బీర్లకు బెల్జియం బ్రూవర్ల సంఘం 1999లో వేరే గుర్తింపు ముద్ర తెచ్చింది. రుచికి ఏ ముద్రా హామీ కాదు. సెం-ఫొయ్యెన్ బ్లోండ్‌ను చాలా ట్రాపిస్టు బీర్ల పక్కన ధైర్యంగా నిలబెట్టవచ్చు.

బ్రూవరీ చూడటానికి ముందే సమయం రాయించుకోవాలి, చెప్పకుండా వెళితే తలుపు దాకా వెళ్ళి తిరిగిరావడమే. విదేశీయులకు ఏ భాషలో చూపిస్తారో కూడా అప్పుడే అడగాలి, ఆ ప్రాంతంలో ఫ్రెంచే నడుస్తుంది. రాగి పాత్రల ముందు ఫొటోల కంటే దినుసులు ఎప్పుడు వేస్తారని అడగడం మేలు. సాధారణంగా ఇలాంటి బీరుకు దినుసు మరుగు చివరి ఐదు పది నిమిషాల్లో పడుతుంది. ముందే వేస్తే వాసన ఆవిరితో పోయి చేదు మిగులుతుంది. చిన్న ఎత్తున కాచేవాళ్ళ లెక్కలో 20 లీటర్లకు 8–10 గ్రాముల ధనియాలు, 5 గ్రాముల నారింజ తొక్క చాలు, తెల్ల బీరుకైతే దాదాపు రెట్టింపు. ధనియం ఎక్కువైనా, పాతదైనా సబ్బు, ఆకుకూర కాడ లాంటి వాసన వస్తుంది. తొక్క మీది తెల్ల పొర ఎక్కువైతే నాలుక చివర గరుకు చేదు. కొందరు పశ్చిమాఫ్రికా గింజ గ్రెయిన్స్ ఆఫ్ ప్యారడైజ్ కూడా వేస్తారు. అది ఏలకుల కుటుంబానిది, ఘాటు మిరియానిది. గొంతు దిగాక వెచ్చగా గీరితే అది కావచ్చు, అయితే ఆల్కహాలు వేడి కూడా అలాగే ఉంటుంది. తేడా ఏమంటే మిరియపు ఘాటు నాలుక మీద చుక్కచుక్కగా ఉంటుంది, ఆల్కహాలు ఛాతీలో పరుచుకుంటుంది.

ఈ బ్లోండ్‌ను 330 మిల్లీలీటర్ల సీసాలో, ఒకటిన్నర లీటర్ల మాగ్నమ్‌లో పక్కపక్కన చూసే వీలుంటే వదులుకోవద్దు. ఈ బ్రూవరీ 9 లీటర్ల సీసా దాకా నింపుతుంది. సీసాలోనే రెండోసారి పులుస్తుంది కాబట్టి పెద్ద సీసాలో బుడగ సన్నగా, మెత్తగా వస్తుంది. మిగిలిన మధ్యాహ్నం దగ్గర్లోని స్త్రెపి-త్యూకు పెట్టండి. పడవల్ని 73 మీటర్ల ఎత్తు లేపే లిఫ్టు అది, 2002లో తెరిచారు. పిల్లలతో వచ్చినవాళ్ళకు బ్రూవరీ కంటే ఇదే నచ్చుతుంది. ఈ రోజుకు బస మోన్స్‌లో మేలు. పెద్ద కూడలి చుట్టూ కేఫ్‌లు, బ్రస్సెల్స్ కంటే నిదానం.

దినాన్ చూడచక్కని ఊరు, మ్యూజ్ నది, కొండ, కోట. బీరు కోసమే వెళ్ళేటట్టయితే రెండు గంటలు చాలు. లెఫ్ అనే మఠం బీరుకు పెట్టిన మెజోఁ లెఫ్ మ్యూజియం చక్కగా ఉంది, కానీ అది పాత కాన్వెంటులో ఉంది. 1152 నాటి లెఫ్ మఠం నది వెంట వేరే చోట. బీరు కాచేది లూవెన్‌లో. ఈ మూడూ ఒకే చోట అనుకుని వచ్చినవాళ్ళు మ్యూజియంలో బ్రూవరీ కోసం వెతుకుతుంటారు.

దినాన్ నుంచి కారులో అరగంట లోపే మారెద్‌సూ. 1872లో మొదలైన బెనెడిక్టైన్ మఠం, బీరు 1963 నుంచి డ్యూవెల్ మోర్ట్‌గాట్ కంపెనీ కాస్తోంది. కుటుంబంతో వెళ్ళడానికి నాలుగు చోట్లలో ఇదే ఉత్తమం. కౌంటర్ దగ్గర కొనుక్కుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చునే పద్ధతి, పెద్ద ఆవరణ, మఠం పేరున్న చీజ్, బ్రెడ్డు. రుచి చూడాలంటే ఈ మెత్తని చీజ్ సరైన తోడు. బ్రస్సెల్స్ కేఫ్‌లలో చీజ్ ముక్కలతో ఆవ, సెలెరీ ఉప్పు ఇస్తారు. ఆ ఉప్పు తగిలాక ధనియం వాసన పది నిమిషాల దాకా దొరకదు, పక్కకు జరిపేయండి.

శాకాహారులకు ఒక ముఖ్యమైన మాట. బెల్జియం ఆలుగడ్డ వేపుడు, అక్కడి ఫ్రిత్, సంప్రదాయంగా గొడ్డు కొవ్వులో వేయిస్తారు. ఆ రుచికి పేరు కూడా దానివల్లే. తినకూడదనుకునేవాళ్ళు నూనెలోనా, కొవ్వులోనా అని ప్రతిచోటా అడగాలి. చీజ్ క్రొకెట్ కూడా చాలాచోట్ల అదే మూకుట్లో పడుతుంది.

ఒర్వాల్ దూరం, దినాన్ నుంచి కారులో గంటన్నర దాకా. దగ్గరి రైలు స్టేషన్ ఫ్లొరెన్‌విల్, అక్కడి నుంచి ఇంకా ఎనిమిది కిలోమీటర్లు. ఇక్కడి బీరులో దినుసు లేదు. అయినా ఈ యాత్రలో ఇది ఉండాల్సిందే, ఎందుకంటే ఒకే ఒక లేత రంగు బీరు, 6.2 శాతం, పులియడం ముగిశాక మరిగించని హాప్స్ వాసన పట్టించి, సీసాలో బ్రెట్టనోమైసిస్ ఈస్టుతో మళ్ళీ పులియబెడతారు. నెలలు గడిచేకొద్దీ హాప్స్ పూల వాసన తగ్గి తోలు, మిరియం, ఎండు గడ్డి వస్తాయి. దినుసు లేకుండా మసాలా ఎంత దూరం వెళ్ళగలదో చెప్పే బీరు ఇదే. మఠం దగ్గరే ఉన్న 'ఆ లాంజ్ గార్దియెన్' కేఫ్‌లో బలం తక్కువున్న లేత ఒర్వాల్ దొరుకుతుంది, దాన్నీ మామూలు సీసానూ కలిపి అడగండి. బ్రూవరీ ఏటా రెండు రోజులే తెరుస్తారు, మిగతా రోజుల్లో శిథిలాలు, మ్యూజియం చూడవచ్చు. మఠంలో బస దొరుకుతుంది కానీ అది మౌనం, ప్రార్థన కోరి వచ్చేవాళ్ళది. బీరు కోసం వచ్చి అక్కడ గది అడగడం మర్యాద కాదు. ఫ్లొరెన్‌విల్‌లో చిన్న హోటళ్ళున్నాయి. కారు నడిపేవాళ్ళకు అక్కడి హద్దు లీటరు రక్తానికి అర గ్రాము, ఒక గ్లాసుకే దగ్గరకు రావచ్చు. నడిపేవాళ్ళు సీసా కొనుక్కుని గదిలో తాగాలి.

సీసాలు కొనేటప్పుడు తేదీ చూడండి. దినుసు వేసిన బ్లోండ్ దాచుకునే బీరు కాదు. ఏడాది దాటితే ధనియం మాయమై తడి అట్ట వాసన వస్తుంది. కిటికీలో ఎండ తగిలిన సీసా వద్దు, గోధుమ రంగు గాజు కొంతే కాపాడుతుంది. మన కస్టమ్స్ హద్దు మనిషికి రెండు లీటర్ల మద్యం, అంటే 330 మిల్లీలీటర్ల సీసాలు సరిగ్గా ఆరు, మొత్తం 1.98 లీటర్లు. చెక్-ఇన్ పెట్టెలోనే వేయాలి, ఒక్కో సీసాకు సాక్సు తొడిగి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, బట్టల మధ్యలో. ఇంటికొచ్చాక రెండు రోజులు నిలబెట్టి ఉంచండి, కదిలిన మడ్డి అడుక్కు దిగాకే తెరవాలి.